ఇంకో రెండు బిందెలు

పెదనాయిన పోయాక ఊళ్లో సంతాప సభ పెట్టారు. మాట్లాడినవాళ్లంతా దాదాపు ఒకే మాట అన్నారు: సొంత ఇంటిని కూడా పట్టించుకోకుండా ఊరికి సేవ చేసిండని. గౌరవంతోనే అన్నారు, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ ఆ ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి చెప్తున్నా, అది నిజం కాదు. ఆయన ఇంటిని వదిలిపెట్టి ఊరికి చేసిన పని ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. ఇంటి కోసం చేసే పనినే ఇంకొంచెం ముందుకు జరిపేవాడు, అది పక్కింటిదాకా, వెనక వాడదాకా పోయేది. ఆయన్ని గుర్తుపెట్టుకునేవాళ్లు ఈ సంగతితో సహా గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. అందుకే ఇదంతా రాస్తున్నా.

మాది నల్లగొండ జిల్లాలో మునుగోడుకు, మర్రిగూడకు నడుమ ఊరు. ఈ రెండు పేర్లు వినగానే జిల్లా వాళ్లకు ముందుగా గుర్తొచ్చేది నీళ్లే. భూమి కింద అంతా గ్రానైటు రాయి. ఆ రాళ్లలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. వానలు సరిగ్గా పడక, చెరువులు నిండక, బోర్లు లోతుకు పోయినకొద్దీ అది ఎక్కువైంది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క. మా బోరింగుల్లో అంతకు రెండింతలు, మూడింతలు ఉండేది. పిల్లల పళ్లు గోధుమ రంగుకు తిరిగేవి. పెద్దవాళ్లకు మెడలు పట్టేసి, నడుములు వంగి, మోకాళ్లు మడవడానికి రాకుండా అయ్యేవి. ఒకసారి ఎముకల్లోకి ఎక్కిన జబ్బు వెనక్కి పోదు. రాకుండా చూసుకోవడం ఒక్కటే మందు.

మా ఇంట్లో అది ఇద్దరిని పట్టింది. పెద్దమ్మకు మెడ, భుజాలు. అక్కకు, అంటే పెదనాయిన పెద్దబిడ్డకు, కాళ్లు.

మా నాయిన భివండిలో పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. చండూరు, గట్టుప్పల్ దిక్కు నుంచి భివండికో, సూరత్‌కో, షోలాపూర్‌కో పోని చేనేత ఇల్లు చాలా తక్కువ. అమ్మ, నేను, తమ్ముడు ఊళ్లో పెదనాయిన వాళ్లతోనే ఉండేవాళ్లం. ఒకటే పొయ్యి, ఒకటే బావి నీళ్లు. నాయిన ఏడాదికోసారి దసరాకు వచ్చేవాడు. బడిలో ఫీజు కట్టాలన్నా, జ్వరం వచ్చినా, బతుకమ్మకు తంగేడు పూలు తేవాలన్నా పెదనాయినే. తన ఇద్దరు పిల్లలకూ మా ఇద్దరికీ మధ్య ఆయన ఎప్పుడూ తేడా చూపలేదు. కొత్త బట్టలు తెస్తే ముందు మమ్మల్ని ఏరుకోమని, మిగిలినవి తన పిల్లలకు ఇచ్చేవాడు. దానికి అక్క అలిగేది. "వాళ్ల నాయిన దూరం ఉన్నడు బిడ్డా, మీ నాయిన ఎదురుంగనే ఉన్నడు గదా" అనేవాడు.

చెరువు కింద పాత మంచినీళ్ల బావి ఒకటి ఉండేది. ఎక్కువ లోతు లేదు, చెరువులో నీళ్లుంటే దాంట్లోకి ఊరేవి. నల్లగొండలో పరీక్ష చేయిస్తే ఊరి మొత్తం మీద ఆ ఒక్క బావి నీళ్లే తాగొచ్చని తేలింది. ఇంటికి చాలా దూరం. పొద్దున్నే చీకటితో కావడి వేసుకొని పెదనాయిన పోయేవాడు. తర్వాత సైకిల్‌కు రెండు వైపులా డబ్బాలు కట్టి తెచ్చేవాడు. ఇంటికి సరిపడా తెచ్చాక మళ్లీ ఒక తిరుగుడు తిరిగేవాడు. అవి వెనక వాడలో ఒంటరిగా ఉండే ఒక అవ్వకు, నడుము పూర్తిగా వంగిపోయిన ఒక తాతకు. ఎందుకంత కష్టం అని అమ్మ అంటే, "ఎట్లాగూ పోతున్న గదా, ఇంకో రెండు బిందెలు బరువైతయా?" అనేవాడు. ఈ మాట ఆయన నోటి నుంచి ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఆయన జీవితమంతా నాకు ఈ ఒక్క మాటలో కనబడుతుంది.

ఆయన ఊరి పోస్టుమాస్టర్. బ్రాంచి పోస్టాఫీసు అంటే వేరే బిల్డింగేమీ కాదు, మా ఇంటి ముందు అర్రే. ఒక బల్ల, ఒక చెక్క పెట్టె, తేదీ మార్చుకునే ముద్ర, నల్లటి సిరా దిండు, గోడకు తూకం. అప్పట్లో ఈడీ (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్) ఉద్యోగం అనేవాళ్లు, తర్వాత గ్రామీణ డాక్ సేవక్ అని పేరు మార్చారు. రోజుకు కొన్ని గంటల పని, దానికి తగ్గట్టే చిన్న జీతం, రిటైరైతే పెన్షన్ లేదు. మిగతా పొద్దంతా మగ్గం. బస్సులో టపా సంచి దిగిందంటే మగ్గం మీద నుంచి లేచి వచ్చి, చేతులు కడుక్కొని, చొక్కా వేసుకొని కూర్చునేవాడు. బనీను మీద ఎన్నడూ ముద్ర కొట్టలేదు.

భివండి, సూరత్ నుంచి వచ్చే మనియార్డర్లే ఊళ్లో సగం ఇండ్లకు ఆధారం. ఫారం కింద చిన్న కూపన్ ఉండేది, నాలుగు ముక్కలు రాసుకోవడానికి. చదువు రాని తల్లులకు, భార్యలకు పెదనాయినే చదివి చెప్పాలి. పదిమంది ముందు మాత్రం చదివేవాడు కాదు. "పైసలు లెక్కపెట్టుకో, కూపన్ సంగతి పొద్దుగూకినంక వచ్చి చెప్త" అనేవాడు. ఎవరింట్లో ఏ అప్పు ఉందో, ఏ కొడుకు తాగుడుకు అలవాటు పడ్డాడో, ఏ కోడలు పుట్టింటికి పోతానంటుందో అన్నీ ఆయనకు తెలుసు. ఒక్కటీ మా ఇంట్లో అన్నం దగ్గర వినబడేది కాదు. పెద్దమ్మ అడిగినా చెప్పేవాడు కాదు. ఆమెకు కోపం వచ్చేది, కానీ బయటివాళ్లు అడిగితే మాత్రం "మా ఇంటాయన నోట్లకెళ్లి రాదు" అని గర్వంగా చెప్పుకునేది.

చావు కబురు వచ్చినప్పుడు ఆయన చేసిన పద్ధతి ఇంకెవరి దగ్గరా చూడలేదు. టెలిగ్రామో, ఉత్తరమో వస్తే జేబులో పెట్టుకొని పెద్దమ్మను వెంటబెట్టుకొని పోయేవాడు. ఆ ఇంట్లో కూర్చొని ముందు "తిన్నరా?" అని అడిగేవాడు. తినకపోతే, ఏదో ఒక మాట మీద తినిపించేవాడు. పిల్లలుంటే వాళ్లు తినేదాకా ఆగేవాడు. ఆ తర్వాతే చెప్పేవాడు. నేను పెద్దదాన్నయ్యాక, అట్లా దాచిపెట్టి కూర్చోవడం నీకు బాధ కాదా అని అడిగాను. "ఈ మాట చెప్పినంక రెండు దినాలు ఆ ఇంట్ల పొయ్యి అంటుకోదు బిడ్డా. పిల్లల కడుపుల నాలుగు మెతుకులన్న ఉండాలె గదా" అన్నాడు. పెద్దమ్మ ఎందుకంటే, ఏడుస్తున్న ఆడమనిషిని పట్టుకొని కూర్చోవడానికి ఒక ఆడమనిషి ఉండాలని. ఆమెకు చేతులు సరిగ్గా లేవకపోయినా పోయేది. ఊళ్లో వాళ్లు పెదనాయిన సేవ అంటున్నదాంట్లో సగం నిజానికి వాళ్లిద్దరిదీ. సంతాప సభలో ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు, అది నాకు కష్టమనిపించింది.

పెద్దమ్మ చేతులు తలదాకా పోవడం ఆగిపోయినప్పటి నుంచి ఆమెకు తల దువ్వి జడ అల్లింది ఆయనే. పొద్దున నీళ్లు తెచ్చాక, మగ్గం ఎక్కక ముందు, అరుగు మీద కూర్చోబెట్టి కొబ్బరినూనె పెట్టి అల్లేవాడు. మగ్గం మీద పోగులు తీర్చే వేళ్లు కాబట్టి జడ పాయ పాయకూ సమానంగా వచ్చేది. తొవ్వన పోయే మగవాళ్లు నవ్వేవాళ్లు. ఆయన తల ఎత్తి "ఏం బావా, నీళ్లకు పోతున్నవా?" అని పలకరించి మళ్లీ పనిలో పడేవాడు. మా కళ్ల ముందే జరిగిన ఈ పని చూసే, పెళ్లయ్యాక మా తమ్ముడు పురిట్లో ఉన్న భార్యకు జడ అల్లాడు. ఎవరూ చెప్పలేదు వాడికి.

అక్క కాళ్లు ఎనిమిదేళ్లు వచ్చేసరికి మోకాళ్ల దగ్గర లోపలికి వంగాయి. హైదరాబాద్‌లో ఎముకల డాక్టర్‌కు చూపిస్తే ఆపరేషన్ చేస్తే కొంత సర్దుకుంటుందన్నారు. మగ్గం మీద నేసిన చీరలన్నీ అమ్మి, నాయిన భివండి నుంచి పంపిన పైసలు కలిపి తీసుకుపోయాడు. అదే బస్సులో అదే జబ్బున్న మా వాడకట్టు పిల్లలు ఇంకో ఇద్దరు, వాళ్ల తల్లులు. వాళ్లను రమ్మన్నది ఆయనే. ఓపీ చీటీ ఎక్కడ రాయించాలో, ఎక్స్‌రే ఎక్కడ తీస్తారో అక్క కోసం తిరిగి తెలుసుకున్నాడు కదా, తెలిసినదాన్ని తన దగ్గరే ఎందుకు ఉంచుకోవాలని ఆయన లెక్క. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా అడిగేవాళ్లు వచ్చారు. అందరినీ తీసుకుపోలేకపోయేవాడు, కానీ ఏ బస్సు ఎక్కాలి, ఏ గేటు దగ్గర దిగాలి, ఏ రోజు ఏ డాక్టర్ ఉంటాడు అంతా ఇన్‌లాండ్ లెటర్ వెనక రాసి ఇచ్చేవాడు. ఆపరేషన్ తర్వాత అక్క పదో తరగతి అయ్యేదాకా సైకిల్ మీద కూర్చోబెట్టుకొని బడికి దింపింది ఆయనే. వాన పడి తొవ్వ బురదైతే ఎత్తుకొనే పోయేవాడు.

నల్లగొండ పద్ధతి అని ఒకటి ఉంది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కొలత ప్రకారం కలిపి, ముందు గబగబా, తర్వాత మెల్లగా తిప్పి, గంటో రెండు గంటలో తేరనిస్తే ఫ్లోరైడ్ మడ్డితో పాటు కిందికి దిగుతుంది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారుచేసిన ఈ పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు. ఎండాకాలం చెరువు ఎండి మంచినీళ్ల బావి అడుగంటినప్పుడు మా ఇంట్లో ఇదే ఆధారం. నల్లా బిగించిన బకెట్లో పెదనాయిన స్వయంగా కలిపేవాడు. మడ్డి పారబోసే పని మాది. అది నేర్చుకున్నాక పది ఇండ్లకు నేర్పాడు. కానీ జనం కొన్నాళ్లకే విసిగిపోయేవాళ్లు, నీళ్లు సప్పగుంటున్నాయని మానేసేవాళ్లు. ఆయనకు కోపం రావడం నేను చూసింది ఇట్లాంటప్పుడే. మరగబెట్టి తాగుతున్నం కదా అని ఎవరైనా అంటే ఇంకా కోపం. మరగబెడితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఈ ముక్క ఆయన పెళ్లిళ్లలో, పీర్ల పండుగ దగ్గర, ఎక్కడ నలుగురు కూడితే అక్కడ చెప్పేవాడు.

చింతపండు సంగతి కూడా అంతే. చింతపండు తింటే ఒంట్లో ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోతుందని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పరిశోధనలో చూశారు. అది ఎవరో చెప్పగా విన్నప్పటి నుంచి మా ఇంట్లో చారు లేని పూట లేదు. మా చింతచెట్టు కాయ దులిపిన ఏడాది వెనక వాడకు కూడా చింతపండు ముద్దలు పోయేవి.

1996 ఎన్నికలు నాకు లీలగా గుర్తు. తాగునీళ్లు, సాగునీళ్లు అడుగుతూ జలసాధన సమితి వాళ్లు నల్లగొండ పార్లమెంటు స్థానానికి వందల మందితో నామినేషన్లు వేయించారు. మొత్తం 480 మంది అభ్యర్థులు. బ్యాలెట్ పేపర్ కాదు, బ్యాలెట్ పుస్తకం అచ్చు వేయాల్సి వచ్చింది, పోలింగ్ వాయిదా పడింది. మా వాడకట్టు నుంచి కూడా వేశారు. పెదనాయినకు మనసంతా అటే ఉండేది. కానీ పోస్టాఫీసు మనిషి పోటీ చేయకూడదు, ప్రచారమూ చేయకూడదు. ఆ గీత దాటలేదు. పోలింగ్ ముందర మాత్రం చదువు రాని ముసలివాళ్లు ఆ పుస్తకాన్ని చూసి బెదురుతారని, పాత క్యాలెండర్ కాగితాలు కుట్టి, పేజీలు ఎట్లా తిప్పాలో, ముద్ర ఎక్కడ వేయాలో చూపించాడు. ఎవరికి వేయాలో చెప్పలేదు. ఆ ఎన్నికలో సీపీఐ అభ్యర్థి ధర్మభిక్షం గెలిచారు. గెలుపు ఓటములు ఎట్లున్నా, మా జిల్లా నీళ్ల బాధ దేశం మొత్తం వింది. ఆ రోజుల్లో పెదనాయిన ముఖంలో ఉన్న వెలుగు తర్వాత చాలా ఏళ్లకు గానీ చూడలేదు.

పండుగలు, జాతరల్లో ఆయన చేసినవి చాలామందికి తెలుసు కాబట్టి ఎక్కువ రాయను. మాఘమాసంలో చెరుగట్టు జాతరకు ఇంటిల్లిపాదీ పోయేవాళ్లం. మేము గట్టెక్కి జడల రామలింగేశ్వరుని దర్శనం చేసుకొని వచ్చేసరికి ఆయన కింద నీళ్లు పంచే దగ్గర గ్లాసులు కడుగుతూ ఉండేవాడు.

2006లో ఉపాధి హామీ వచ్చాక కూలి పైసలు, 2014 చివర్లో ఆసరా వచ్చాక పెన్షన్లు పోస్టాఫీసు నుంచే ఇచ్చారు. వికలాంగుల పెన్షన్ అయిదువందల నుంచి పదిహేను వందలైంది. అంతకు ముందే వైకల్యం ఎంతుందో చూసి ఇచ్చే సదరం సర్టిఫికెట్ కోసం అక్కను నల్లగొండ క్యాంపుకు తీసుకుపోవాల్సి వచ్చినప్పుడు, ఆయన ఒక్క అక్కను తీసుకుపోతే కదా! ఊళ్లో ఫ్లోరోసిస్‌తో, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బుతో ఉన్నవాళ్ల పేర్లన్నీ రాసుకొని, ఫారాలు నింపి, ఫోటోలు తీయించి, ట్రాక్టర్‌లో గడ్డి పరిచి కూర్చోబెట్టి తీసుకుపోయాడు. రావడానికి రాత్రయింది. పెద్దమ్మ అందరికీ వండి ఉంచింది.

అప్పట్లో పెన్షన్ ఇవ్వాలంటే మెషిన్ మీద వేలిముద్ర పడాల్సి ఉండేది. జీవితమంతా మగ్గం, నాగలి, రాళ్ల పని చేసిన చేతులకు గీతలు ఎక్కడుంటాయి? ముద్ర పడక ముసలివాళ్లు కంట నీళ్లు పెట్టుకునేవాళ్లు. పెదనాయిన ఒక నోటు బుక్కు పెట్టాడు. ఎవరికి ఏ వేలు పడుతుంది, ఎవరికి పొద్దున చల్లటి వేళ పడుతుంది, ఎవరి చేతికి ముందు నూనె రాసి తుడవాలి అన్నీ అందులో. నడవలేనివాళ్ల ఇంటికి మెషిన్ పట్టుకొని తానే పోయేవాడు. వాళ్ల పేర్ల పక్కన చిన్న సున్న చుట్టి ఉంటుంది. మొదటి సున్న అక్క పేరు పక్కనే ఉంది.

నాగార్జునసాగర్ నీళ్లు పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లి రిజర్వాయర్‌కు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు పోతుంటే మా జిల్లా మీదుగా పోయే ఆ పైపులను బస్సులోంచి చూసినప్పుడల్లా ఆయన మాట్లాడకుండా ఉండిపోయేవాడు. 2015లో చౌటుప్పల్ దగ్గర, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకానికి పైలాన్ వేశారు. కొన్నేళ్లకు మా వాకిట్లో నల్లా వచ్చింది. ఇందాక చెప్పిన వెలుగు మళ్లీ కనబడింది ఆ రోజే. మొదటి బిందె పెద్దమ్మతో పట్టించాడు. ఆమె మోయలేదు కాబట్టి లోపలికి తాను తెచ్చాడు. అక్కడితో ఊరుకున్నాడా అంటే లేదు. తాగడానికి నల్లా నీళ్లు, వంటకు పాత బోరింగు నీళ్లు వాడే ఇండ్లు ఉన్నాయని తెలిసి మళ్లీ ఇంటింటికీ తిరిగాడు. అన్నంలో, పప్పులో పోయినా అదే ఫ్లోరైడ్ కదా అని. అప్పటికి ఆయనకు అరవై దాటింది, సైకిల్ తొక్కడం మానేసి నడుస్తున్నాడు.

అరవై అయిదుకు రిటైరయ్యాడు. తర్వాత మగ్గం కూడా ఆపేశాడు, చూపు ఆనక. మనవరాలికి ఎక్కాలు చెప్పేవాడు. ఆ పిల్ల పళ్లు తెల్లగా ఉన్నాయని వచ్చినవాళ్లందరికీ నోరు తెరిపించి చూపించేవాడు. "ఇగో సూడు, మచ్చ లేదు" అని. ఆ పిల్ల సిగ్గుపడి పారిపోయేది.

గుండె నొప్పితో ఒక్క రాత్రిలోనే పోయాడు. నాయిన భివండి నుంచి వచ్చేదాకా ఆపారు. కాకులకు మెతుకులు పెట్టే పిట్టముట్టుడు నాడు వెనక వాడ వాళ్లు తలా ఒక గిన్నె వండుకొచ్చారు, మా పొయ్యి అంటించనియ్యలేదు. నాకంటే ముందు మా తమ్ముడు గుర్తుపట్టాడు: వచ్చిన ప్రతి ఒక్కరూ పెద్దమ్మను ముందు "తిన్నవా అక్కా?" అనే అడుగుతున్నారని.

కొత్త పోస్టుమాస్టర్‌గా పక్క మండలం నుంచి ఒక చిన్నపిల్ల వచ్చింది. అక్క ఆమెను ఇంటికి పిలిచి వేలిముద్రల బుక్కు ఇచ్చింది, ముందు ఒక కాపీ తీయించి దాచుకొని. ఆ పిల్ల ఇప్పుడు సున్న చుట్టినవాళ్ల ఇండ్లకు పోతున్నదని అక్క చెప్పింది. కొత్త పేర్లు కూడా చేర్చిందట.

ఇక ఊరివాళ్లకు, ఊరు విడిచి భివండిలో, సూరత్‌లో, షోలాపూర్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. మీ ఇంటి నుంచి అప్పట్లో వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిలో చేతిరాత పెదనాయినదే. మీ అమ్మ చెప్తుంటే ఆయన రాసినవి. అవి ఎవరి దగ్గరైనా ఉంటే పారేయకండి. ఇంటి సంగతులున్న ఉత్తరాలు మాకు ఇవ్వక్కర్లేదు, అవి మీవి. ఆస్పత్రి తొవ్వ గురించి, నీళ్ల పద్ధతి గురించి ఆయన రాసిచ్చిన కాగితాలు ఉంటే మాత్రం ఫోటో తీసి అక్కకు పంపండి. ఆమె అన్నీ ఒక్కచోట కుడుతోంది. నాయిన దగ్గర దొరికిన కట్ట ఇప్పటికే చేరింది.